నిండిన గ్రంథి, కట్టని గూడు

పట్టు పరిశ్రమ శాఖలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఆ మధ్య మదనపల్లెలో మా ఇంటికి వచ్చారు. ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పమన్నారు. టి.ఏ. బిల్లు ఎలా పెట్టాలి, ఏ ఆఫీసరు దగ్గర ఎలా మసలుకోవాలి అనేవి చెప్పడానికి ఆఫీసులో చాలామంది ఉంటారు, వాళ్ళను అడగండి అన్నాను. పట్టుపురుగు కడుపులో ఏం జరుగుతుందో తెలియకుండా కూడా ఈ ఉద్యోగం చేసి, పూలదండ వేయించుకుని రిటైరైపోవచ్చు. అలా అయినవాళ్ళను చూశాను. వాళ్ళేమీ చెడిపోలేదు, సుఖంగానే ఉన్నారు. కానీ ఆ తెలియకపోవడం వల్ల చెడిపోయేది ఇంకొకరి పంట. ఆ సంగతి చెబుదామని ఇది రాస్తున్నాను.

కుప్పంలో ఆగిపోయిన సుద్దముక్క

తొంభైల మొదట్లో నా మొదటి పోస్టింగు కుప్పం. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, బుర్రనిండా పాఠాలు పెట్టుకుని రైలు దిగాను. అక్కడి మా ఆఫీసరు మంచి మనిషే. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి తోట ఎలా ఉందో, ఎవరికి ఎప్పుడు ఆకు కొరత వస్తుందో ఆయనకు తెలుసు. అయితే రైతుకు "ఇది చెయ్యి, అది చెయ్యొద్దు" అన్నది తప్ప ఇంకేదీ చెప్పకూడదని ఆయన పట్టుదల. ఒకరోజు శిక్షణ తరగతిలో నేను పట్టుపురుగు కడుపులో పట్టు తయారయ్యే గ్రంథి బొమ్మ గీసి, మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. గురించి మొదలుపెట్టబోతుంటే వెనకనుంచి పిలిచారు.

"ఏమ్మా, రైతుకు ఆర్.ఎన్.ఏ. యాల? వాళ్ళేమన్నా పరీక్ష రాస్తారా?"

అందరూ నవ్వారు. నేను సుద్దముక్క కింద పెట్టి, గోడకున్న చార్టు చూపించి, ఎప్పుడు ఎంత ఆకు వేయాలో చదివేశాను. చదువుతుంటే వి.కోట నుంచి వచ్చిన ఒక పెద్దాయన చెయ్యెత్తాడు.

"మేడమ్మా, నాలుగో జ్వరం లేసినాంక ఆకు ఒక పూట తప్పితే ఏమైతాది?"

జ్వరం అంటే మా వృత్తిలో పురుగు కుబుసం విడిచే సమయం. అప్పుడది తినకుండా, కదలకుండా తలెత్తి కూర్చుంటుంది. పురుగు నాలుగుసార్లు అలా కూర్చుని లేచాక చివరి దశకు వస్తుంది, వారం రోజులు విపరీతంగా తిని గూడు కడుతుంది.

"గూడు పలచన అవుతుంది" అన్నాను.

"అది మాకూ తెలుసు తల్లీ. యాల పలసనైతాది అని."

ఆ "యాల"కు, అంటే ఎందుకన్నదానికి, జవాబు నాకు తెలుసు. ఆఫీసరు కూర్చునివున్నారు. చార్టులో లేదు కాబట్టి నేనూ చెప్పలేదు. ఆ పెద్దాయన మొహంలో, వీళ్ళింతేలే అన్న చిన్న నవ్వు కనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయన మీద కాదు.

మగ్గం కింద పాఠం

కొన్నేళ్ళకు మదనపల్లె బదిలీ అయింది. అక్కడ గోపాలప్ప సార్ కింద పడ్డాను. పడ్డాను అని ఎందుకంటున్నానంటే, ఆయన దగ్గర పనిచేయడం మొదట్లో నిజంగా పడినట్టే ఉండేది. చొక్కా జేబులో పెన్నుకు బదులు చిన్న కత్తెర. మనిషి దగ్గరికి వస్తే ప్రయోగశాల వాసన. టీలో చక్కెర తక్కువైతే హోటలువాడితో ఒక పూటంతా వాదించేవారు. కానీ రైతు "ఎందుకు" అని అడిగితే మాత్రం ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయేది.

శిక్షణకు వచ్చిన రైతులనూ మమ్మల్నీ ఒకసారి నీరుగట్టువారిపల్లెలో చేనేతవాళ్ళ ఇంటికి నడిపించుకుపోయారు. పట్టుచీర నేస్తున్న మగ్గం పైన, అంచుల్లో బొమ్మలు తీసే జకార్డు యంత్రం ఉంది. బొక్కలు కొట్టిన అట్టలు దండలా కుట్టి వేలాడుతున్నాయి. నేతగాడు తొక్కినప్పుడల్లా ఒక అట్ట ముందుకు వస్తోంది, చీర అంచులో నెమలి కొంచెం కొంచెంగా పైకి లేస్తోంది.

"ఈ నెమలి బొమ్మ గీసినాయన ఈడ లేడు" అన్నారు సార్. "ఆయన గీసిన కాగితం ఆయనింట్లోనే బద్రంగా ఉండాది, బయటికి రాదు. దాన్ని సూసి ఈ అట్టలకు బొక్కలు కొట్టి ఈడికి పంపినారు. బొక్క ఉండే చోట పోగు లేస్తాది, లేని చోట లేవదు. మగ్గానికి తెలిసింది అంతే. నెమలి ఎట్లుంటాదో దానికి తెలీదు. అయినా నెమలి వస్తాండాది గదా?"

"వస్తాండాది" అన్నారు రైతులు.

"మీ పురుగు కడుపులోనూ ఇదే పని."

తర్వాత నేను ఎన్ని పుస్తకాలు చూసినా అంతకంటే బాగా చెప్పిన చోటు కనబడలేదు. పట్టు అంటే ప్రోటీను. దాన్ని ఎలా కట్టాలన్నది పురుగు డి.ఎన్.ఏ.లో రాసి ఉంది. ఆ డి.ఎన్.ఏ. కణంలోని కేంద్రకం దాటి బయటికి రాదు. పట్టుకు సంబంధించిన భాగం వరకు అక్కడే ఒక నకలు తయారవుతుంది. ఆ నకల్లో అక్కరలేని ముక్క కత్తిరించి, మిగిలినవి అతికి, చివరలు చెడకుండా కట్టుదిట్టం చేసి బయటికి పంపుతుంది కణం. అదే మెసెంజర్ ఆర్.ఎన్.ఏ. బయట రైబోజోములు మగ్గాల్లా కాచుకుని ఉంటాయి. అవి ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతాయి. ప్రతి మూడక్షరాలకూ ఒక అమైనో ఆమ్లం. దాన్ని మోసుకొచ్చి అందించే చిన్న ఆర్.ఎన్.ఏ.లు వేరే ఉన్నాయి. ఒక్కొక్కటీ వచ్చి చేరుతుంటే గొలుసు పెరుగుతుంది. ఒకే నకలు మీద వరసగా ఎన్నో రైబోజోములు ఎక్కి ఒకేసారి నేస్తుంటాయి.

ఇందులో నన్ను ఇప్పటికీ ముగ్ధురాలిని చేసేది ఆ కణం ముందుచూపు. పట్టు ప్రోటీనులో గ్లైసిన్, అలనిన్ అనే రెండు అమైనో ఆమ్లాలే పదే పదే వస్తాయి. పట్టు గ్రంథి ఆ సంగతి తెలిసినట్టే, ఆ రెండింటినీ మోసుకొచ్చే ఆర్.ఎన్.ఏ.లను దండిగా తయారు చేసి పెట్టుకుంటుంది. పెళ్ళింట్లో ఏ వంటకం ఎక్కువ ఖర్చవుతుందో తెలిసిన వంటమనిషి కూడా అంత బాగా సర్దుకోడు.

సార్ ఇంకో మాట చెప్పారు. పురుగు జ్వరానికి కూర్చున్నప్పుడు గ్రంథిలో పట్టు నకళ్ళు తీయడం ఆగిపోతుంది, పాతవి చెడిపోతాయి. జ్వరం లేచి తిండి మొదలుపెట్టాక మళ్ళీ కొత్త నకళ్ళు తయారవుతాయి. అందుకే నాలుగో జ్వరం తర్వాత తిండి చెడితే నకళ్ళు తక్కువై గూడు పలచబడుతుంది. వి.కోట పెద్దాయన అడిగిన "యాల"కు జవాబు అదే. ఒక నేతగాడి ఇంటి అరుగు మీద పదిమంది రైతులు దాన్ని అప్పటికప్పుడు అర్థం చేసుకున్నారు. పరీక్ష మాత్రం ఎవరూ రాయలేదు.

రెడ్డెమ్మ తోట

ఆ వేసవిలో రెడ్డెమ్మ ఆఫీసుకు వచ్చింది. వాళ్ళది పుంగనూరు దాటి సదుం వైపు ఒక మెట్ట పల్లె. భర్త నాగరాజ టమాటా పెడతాడు. మల్బరీ తోట, పురుగుల ఇల్లు ఆమెవి. ఆమెవి అంటే కాగితాల మీద కాదు, చాకిరీలోనూ, మాటలోనూ. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లే చోటు అదొక్కటే అని తర్వాత ఆమే చెప్పింది.

పురుగులు బాగా తిన్నాయట, గూడు కట్టే ఈడుకు పండాయట, చంద్రికల మీదికి ఎక్కించిందట. చంద్రిక అంటే పురుగు గూడు కట్టుకోవడానికి వెదురుతో అల్లిన తడక. ఎక్కిన పురుగులు గూడు కట్టకుండా అటూ ఇటూ తిరిగి, అట్లే ఎండిపోయాయి. ఆమె చెంగు విప్పి, చచ్చిన పురుగులను సార్ బల్ల మీద పెట్టింది. ముడుచుకుపోయి, వాసన వస్తున్నాయి. సార్ అటూ ఇటూ తిప్పి చూశారు.

"నాలుగో జ్వరం తర్వాత ఆకు సాల్లేదు. గ్రంథి నిండలా. వచ్చే పంటకు ఆకు ఎక్కువ కోసి నిలవ పెట్టుకో. వాడిపోనియ్యొద్దు, తడిగా ఉంచు."

"నేను ఆకు తక్కువ ఎయ్యలా సార్" అంది రెడ్డెమ్మ. అని, సార్ మొహం చూసి, "సరే, ఇంకా ఎక్కువ ఏస్తా" అని వెళ్ళిపోయింది.

రెండో పంట మొదటిదానికంటే ఘోరంగా పోయింది. ఈసారి ఆమె రాలేదు, కబురు పంపింది. కబురు తెచ్చినవాడు చెప్పిందేమంటే, ఇంట్లో మాట అయిపోయింది, ఇంకొక్క పంట చూసి, అదీ పోతే తోట పీకేసి మొత్తం టమాటా పెడతారు. ట్రాక్టరు మాట్లాడుకున్నారు కూడా.

సార్ అప్పటికప్పుడు జీపు తీయించారు.

ముత్యాల రంగు కాదు, పసుపు

పురుగుల ఇంటి ముందు సున్నం నీళ్ళలో కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాం. రెడ్డెమ్మ నమస్కారం పెట్టింది, కూర్చోమనలేదు. చంద్రికల మీద ఇంకా కొన్ని పురుగులు బతికే ఉన్నాయి. తలలు పైకెత్తి ఊపుతున్నాయి, అంతకు మించి ఏమీ చేయడం లేదు. ఒకటి రెండుచోట్ల తెగిన పోగులు వేలాడుతున్నాయి.

సార్ ఒక పురుగును అరచేతిలోకి తీసుకున్నారు. జేబులోంచి కత్తెర తీసి, పళ్ళెంలో పెట్టి పక్కగా కోశారు. గ్రంథి బయటికి వచ్చింది. నేను చాలా గ్రంథులు చూశాను గానీ అంత నిండుగా ఉన్నది చూడలేదు. పుస్తకాల్లో గ్రంథిది ముత్యాల రంగు అని ఉంటుంది గానీ, మా ప్రాంతపు సంకరజాతి పురుగు గ్రంథి పసుపుగా ఉంటుంది. అది మడతలు మడతలుగా, లావుగా, మెరుస్తూ పళ్ళెం నిండా పరుచుకుంది.

సార్ సంచిలోంచి సీసా తీసి, లోపలి పట్టు గట్టిపడేందుకు గ్రంథి మీద కాస్త ఆమ్లం పోశారు. పుల్లటి వాసన వచ్చింది. కాసేపు ఆగి గ్రంథి రెండు చివరలూ పట్టుకుని మెల్లగా లాగారు. అది సాగింది. సాగి సాగి, ఆయన చేతుల మధ్య గట్టి తీగలా నిలిచింది. దాన్ని రెడ్డెమ్మ చేతికిచ్చారు.

"తెంపు సూద్దాం."

ఆమె లాగింది. మళ్ళీ లాగింది. తెగలేదు.

"ఇది పట్టమ్మా. నీ పురుగు కడుపులో నకళ్ళు తీసుకునింది, నేసింది, నిండా నింపి పెట్టింది. నువ్వు ఆకు తక్కువ ఎయ్యలా. ఆ పొద్దు నేను సెప్పింది తప్పు. సచ్చినవాటిని సూసి సెప్పినా, బతికినదాన్ని కోసి సూడలా. తప్పు నాది."

పాతికేళ్ళ ఉద్యోగంలో ఒక ఆఫీసరు రైతు ఇంట్లో నిలబడి, కిందివాళ్ళ ముందు, తప్పు నాది అనడం నేను విన్నది అదొక్కసారే. రెడ్డెమ్మ ఆ తీగను వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయితే నా పురుగులు నన్ను మోసం సెయ్యలా" అంది.

"సెయ్యలా. వాటినెవరో మోసం సేసినారు. అది యాడో కనుక్కుందాం."

సాయం చేసిన చెయ్యి

ఇక్కడే ఆర్.ఎన్.ఏ. చదువు పనికొచ్చింది. పని ఎక్కడిదాకా జరిగిందో తెలిస్తే, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. గ్రంథి సన్నగా ఉంటే జబ్బో, తిండి చాలకపోవడమో. నకలు తీసే చోటో, నేసే చోటో పని చెడిందన్నమాట. ఇక్కడ పట్టంతా తయారై ఉంది. దాన్ని బయటికి తీసి, తలను ఇటూ అటూ ఊపుతూ అల్లాల్సిన చోట పని ఆగింది. ఆ ఊపడం నరాల పని. నరాలను పట్టేది పురుగుమందు. ఎక్కువైతే పురుగు కక్కుకుని చస్తుంది, దాన్ని రెడ్డెమ్మలాంటి మనిషి ఇట్టే పసిగట్టేస్తుంది. కొంచెం కొంచెంగా పోతే ఇలా తిని, పండి, చివరికి గూడు కట్టలేక చస్తుంది.

సార్ ఒకటొకటే అడిగారు. టమాటాకు మందు కొట్టినప్పుడు గాలి తోట వైపుందా? లేదు, తోట పైగాలికి ఉండాది. పొగాకు చుట్ట తాగేవాళ్ళెవరైనా లోపలికి వచ్చారా? రానియ్యను సార్. దోమల బత్తి? ముట్టియ్యను. ఆమె చెప్పేది నమ్మబుద్ధి వేసేలాగే ఉంది. సున్నం నీళ్ళ తొట్టి చూస్తేనే ఆమె శుభ్రం తెలుస్తోంది.

"ఆకు యాడ పెడతావు?"

ఆకు గది చూపించింది. చీకటిగా, చల్లగా ఉంది. వెనకబడి ఇంకా తింటున్న కొద్ది పురుగులకని కోసిన మల్బరీ ఆకు కుప్ప మీద తడి గోనెపట్టలు కప్పి ఉన్నాయి. మంచి పద్ధతి. అప్పుడే నాగరాజ వచ్చాడు. భుజాన మందు కొట్టే పంపు ఉంది. మమ్మల్ని చూసి మర్యాదగా తల ఊపి, గోనెపట్ట ఎత్తి, ఆకు మీద పంపుతో నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాడు. సన్నటి తుంపర, ఆకుకు ఎంతో హాయిగా.

నేను సార్ వైపు చూశాను.

"ఈ పంపు ఒట్టి నీళ్ళకేనా నాగరాజా?"

"టమాటాకూ ఇదే సార్. మందు కొట్టినాంక కడిగేస్తాను. ఎండలకు ఆకు వాడిపోతాండాది, ఆమెకు బిందెలు మోసి మోసి నడుం పట్టుకునింది. దీంతో అయితే సన్నంగా పడతాది, ఆకంతా తడుస్తాది. మీరే గదా ఆకు తడిగా ఉంచమని సెప్పింది, ఆ పొద్దునుంచి ఇంకా ఎక్కువ సల్లతాండా."

పంపులో ఎన్నిసార్లు కడిగినా గొట్టంలో, రబ్బరు వాషర్లలో మందు మిగులుతుంది. సార్ చెప్పిన సలహా వల్ల రెండో పంటకు ఆ నీళ్ళు ఇంకా ఎక్కువ పడ్డాయి.

రెడ్డెమ్మ భర్త వైపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకే కాదు, అక్కడున్న అందరికీ తెలిసింది. తోట పీకేసి టమాటా పెట్టాలన్నది ఇతనే కదా. నాగరాజకు కూడా తెలిసింది. అతని మొహం నల్లబడింది.

"అట్ల సూడొద్దు రెడ్డెమ్మా. నీ నడుం సూసి సేసిన పని అది. నాకేం తెలుసు."

సార్ మధ్యలోకి వచ్చారు. "ఆయన సాయమే సేసినాడమ్మా. ఆ సాయాన్ని నేను రెట్టింపు సేయించినా. కోపం ఉంటే నా మీద పడు."

ఆమె పంపును భర్త భుజం మీదినుంచి దింపింది. తీసుకెళ్ళి టమాటా కొట్టంలో పెట్టి, ఎర్ర గుడ్డపేలిక ఒకటి చించి దాని మెడకు కట్టింది. "ఇది పురుగుల ఇంటి గడప తొక్కకూడదు" అని ఒక్క మాట అంది. ఆ మిగిలిన ఒక్క పంటా పెడుతుందో లేదో మాత్రం చెప్పలేదు. మేం వెనక్కి వస్తుంటే జీపులో సార్ అన్నారు: "రెండో పంట నేనే పోగొట్టినాను. మూడోది పెట్టమని అడిగే మొహం నాకు లేదు."

మూడో పంట

ఆమె అడిగించుకోలేదు. తనే వచ్చి పిల్ల పురుగులు తీసుకుపోయింది. ఎందుకైనా మంచిదని తోటను ఒకసారి నరికించి, కొత్త ఇగురు వచ్చేదాకా ఆగి మరీ పెట్టింది. ఆకు మీదికి నీళ్ళు కుండలోంచి చేత్తో చల్లింది. నడుం నొప్పితోనే.

పురుగులు చంద్రికలు ఎక్కిన మరునాడు పొద్దున సార్, నేను వెళ్ళాం. నాగరాజ మాట్లాడుకున్న ట్రాక్టరు ఊళ్ళోనే ఉంది, దారిలో చూశాం. రెడ్డెమ్మ పురుగుల ఇంటి బయట అరుగు మీద కూర్చుని ఉంది. వేలికి ఆ గ్రంథి తీగ ఇంకా ఉంది.

"లోపలికి పోలా?" అన్నాను.

"నాకు సూసే దైర్యం లేదు మేడమ్మా. ఆయన్ను పంపినా."

లోపల చప్పుడు లేదు. పురుగులు తినేటప్పుడు వాన పడినట్టు వినబడుతుంది. గూడు కట్టేటప్పుడైనా, చచ్చినప్పుడైనా నిశ్శబ్దమే. ఆ నిశ్శబ్దం ఏదో బయట కూర్చుంటే తెలియదు. సార్ చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నారు.

నాగరాజ బయటికి వచ్చాడు. గడప మీద నిలబడి సార్‌ను అడిగాడు.

"మళ్ళీ పిల్ల పురుగులు ఎప్పుడిస్తారు సార్?"

రెడ్డెమ్మ లేచి లోపలికి పరిగెత్తింది. వెనక మేమూ వెళ్ళాం. చంద్రికల నిండా పసుపు గూళ్ళు. కొన్నింట్లో పురుగు ఇంకా కనబడుతోంది, పలచటి పట్టు తెరలో తల ఊపుకుంటూ పని చేసుకుపోతోంది. లోపల ఎన్ని నకళ్ళు తీసిందో, ఎన్ని రైబోజోముల మీద నేసిందో, అదంతా ఇప్పుడు ఒక పోగై దాని నోట్లోనుంచి బయటికి వస్తోంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని దృశ్యం అది. ఆ రోజు మాత్రం కళ్ళు తుడుచుకుని చూడాల్సి వచ్చింది.

సార్ చంద్రికను ఊరికే సర్దుతున్నారు. నేనే అడిగాను.

"రెండు పంటలు పోయినాక కూడా మా మాట మీద ఎందుకు పెట్టావమ్మా?"

"మీ మాట మీద పెట్టలా మేడమ్మా" అంది రెడ్డెమ్మ. గూళ్ళ మీదినుంచి చూపు తిప్పకుండా, "ఆ పొద్దు సార్ ఈడ్నే నిలబడి తప్పు నాది అన్యాడు సూడండి. అది విని పెట్టినా" అంది.